తొమ్మిదో మలుపు దగ్గర

బాబాయ్ పోయిన సంగతి నాకు నాలుగోసారి ఫోన్ మోగాక తెలిసింది. మొదటి మూడుసార్లూ నేను వినలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని, ఎవరో మాస్టారు చదివిన ఏడో తరగతి పాఠంలోంచి దగ్గులు ఏరేస్తున్నాను. నా ఉద్యోగమే అది. అల్వాల్‌లో ఒక చిన్న స్టూడియో ఉంది. వాళ్ళు రికార్డు చేసిన పాఠాలు నాకు పంపిస్తారు. నేను యాప్రాల్‌లో మా ఇంట్లో కూర్చుని వాటిలోని దగ్గులూ, గుటకలూ, కుర్చీ కిర్రుమన్న చప్పుళ్ళూ తీసేసి, శుభ్రం చేసి తిరిగి పంపుతాను.

"అత్తా, తాత పోయిండు," అంది మనవరాలు. ఆ పిల్ల బాబాయ్ తమ్ముడి మనవరాలు, సికింద్రాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, అప్పటికి సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉంది. "పొద్దుగాల చాయ్ తాపుదామని లేపితే లేవలే." ఏడవలేదు. "ఇంక అయిదు మిగిలినయ్ అత్తా," అంది.

ఆ అయిదూ ఏమిటో నాకు తెలుసు. అవి మిగిలిపోవడానికి కారణం నేనేనని కూడా తెలుసు. ఆ పిల్లకీ తెలుసు, అయినా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. మా ఆయన రైల్వే ఉద్యోగం పుణ్యమా అని మేము శ్రీకాకుళం నుంచి వచ్చి మౌలాలిలో చాలాకాలం క్వార్టర్లో ఉన్నాం. మా వెనక గోడకి ఆనుకుని ఆయన రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు. మా వైపు పెద్దవాళ్ళు ఎవరు కనిపించినా బాబాయ్ అనడం అలవాటు కాబట్టి ఆయన బాబాయ్ అయ్యాడు, ఆవిడ పిన్ని అయింది. నేను "ఏటి బాబాయ్, బాగున్నారా?" అంటే ఆయనకి నవ్వాగేది కాదు. "నీ ఏటి ఇననీకే పొద్దుగాల్నే లేసి గోడకాడ నిలవడ్త బిడ్డా," అనేవాడు.

రైల్వేలో ఆయన కీమ్యాన్‌గా చేశాడు. పొద్దున్నే సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచిపోవడం, ఎక్కడ వదులైతే అక్కడ బిగించడం. ముప్పయ్యేళ్ళ పైన అదే పని. ఆ చెవులు ఎలాంటివంటే, మా ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళ గ్లాసు అందుకోకముందే తల పైకెత్తి, "ఫ్యాన్ బోల్టు వదులైంది, జెర చూస్కోండ్రి," అనేవాడు. మా ఆయన స్టూలెక్కి చూస్తే నిజంగానే వదులుగా ఉండేది.

ఈ కీమ్యాన్‌ది కోయల్లో కథ చెప్పే డోలి ఇల్లు అని మాకు మూడేళ్ళకి గానీ తెలియలేదు. గోదావరి వైపు వాళ్ళ ఊరు. అక్కడ ఒక్కో వంశానికి ఒక్కో పడిగె ఉంటుందట. పడిగె అంటే పొడుగాటి గుడ్డ. దాని మీద ఆ వంశం పెద్దల బొమ్మలు పైనుంచి కిందికి వరసగా ఉంటాయి. డోలు మోగిస్తూ, ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ, ఆ పెద్దల కథ చెప్పడం బాబాయ్ వాళ్ళ ఇంటివారి పని. మిగతా ఇళ్ళవాళ్ళు ఒక్కరొక్కరే తగ్గిపోయి వాళ్ళ వంశానికి కథ చెప్పే ఇల్లు అదొక్కటే మిగిలింది. ఆ ఇంట్లో కథ మొత్తం వచ్చినవాడు బాబాయ్ ఒక్కడే. ఉద్యోగం వల్ల ఊరికి పండక్కి వెళ్ళినప్పుడు మొదటి భాగం చెప్పి తిరుగు రైలెక్కడమే తప్ప మొత్తం చెప్పే తీరిక ఎన్నడూ దొరకలేదట. రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పితో అంతసేపు నిలబడలేకపోయాడు.

కథకి పద్నాలుగు మలుపులు. ఆయన మాటే అది, మలుపు. మొదటి మలుపులో నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. నాలుగో మలుపులో అన్నదమ్ములు వాగు దాటుతూ విడిపోతారు. ఎనిమిదో మలుపులో గుర్రాల మీద ఎవరో వచ్చి అడవికి హద్దురాళ్ళు పాతుతారు. పద్నాలుగోది మాత్రం ఇంకా రానివాళ్ళ గురించి. ఏ తరం వాడు ఆ తరంలో తనకి తోచింది దానికి కలపాలి. వాళ్ళ తాత కలిపిన ముక్క ఏమిటంటే, నేల మీద ఇనప దారి పరుస్తారు, మన పిల్లలు దాని వెంట నడిచి నడిచి ముసలివాళ్ళవుతారు అని. "మా తాత నా నౌకరీ ముందుగాలనే చెప్పిండు," అనేవాడు బాబాయ్. "మోకాళ్ళ నొప్పి సంగతి చెప్తే చెప్పులన్న మంచియి కొనుక్కుందును."

ఆయన కలిపిన ముక్క నాకు తెలుగులో ఒకసారి చెప్పాడు. నీళ్ళు ఊళ్ళ మీదికి వస్తాయి. మనవాళ్ళు ఎత్తుకి పోతారు, ఇంకా ఎత్తుకి పోతారు, చివరికి చుక్కల మధ్య ఊరు కట్టుకుంటారు. అక్కడ చెట్టన్నది ఉండదు. ఆ ఊళ్ళో ఒక పిల్ల పుడుతుంది. దానికి అడవి అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. కానీ దాని కాళ్ళు దేన్నో వెతుక్కుంటూ స్తంభాలు ఎక్కుతూనే ఉంటాయి. "ఎందుకెక్కుతున్నవే అని తల్లి కొడుతది. దానికి సుత తెల్వది," అన్నాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఊఁ కొట్టడం. వినేవాళ్ళు ఊఁ అనకపోతే కథ కదలదు. ఎదురుగా ఒక్క మనిషైనా ఊఁ అనాలి. ఆ ఊఁ దగ్గరే చెప్పేవాడు ఊపిరి తీసుకుంటాడు, డోలు మీద దెబ్బ పడుతుంది, పడిగె మీద వేలు కింది బొమ్మకి జరుగుతుంది. పోయినవాళ్ళ పేరు వచ్చేముందు కథ తప్పకుండా ఆగాలి. వినేవాళ్ళు ఊఁ అన్నాకే ఆ పేరు పలకాలి. వాళ్ళ ఊఁ లేకుండా పోయినవాళ్ళని పిలవకూడదు. బాబాయ్ పేరు నేనిక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఆ అనుమతి నాకెవరూ ఇవ్వలేదు, అడిగే మొహం కూడా నాకు లేదు.

పిన్ని ఉన్నన్నాళ్ళూ ఊఁ కొట్టే పని పిన్నిదే. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన గడప దగ్గర కూర్చుని, మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని, దాని మీద వేలు జరుపుకుంటూ కథ చెప్పుకునేవాడు, మరిచిపోకుండా ఉండటానికి. పడిగె ఊళ్ళో పెద్దల దగ్గర ఉండేది కాబట్టి ఇక్కడ తువ్వాలే పడిగె. పిన్ని వంటింట్లో గిన్నెలు తోముకుంటూనే ఊఁ అనేది. గిన్నెల చప్పుడుకి తన ఊఁ వినబడదేమోనని కాస్త గట్టిగా అనేది. నేను గోడ ఇవతల బట్టలారేస్తూ వినేదాన్ని. మొగుడూ పెళ్ళాలు దేనికో వాదించుకుంటున్నారని మొదట్లో అనుకున్నాను.

పిన్ని పోయిన తర్వాత ఆ ఆదివారాలు ఆగిపోయాయి. ఒకరోజు ఆయనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "బిడ్డా, నువ్వు జెర కూసోని ఊఁ అంటవా? గోడకు చెప్పి చూసిన, నోరు పెగుల్తలేదు," అన్నాడు.

"మీ భాష నాకు రాదు కదా బాబాయ్. అర్థం కాకుండా ఊఁ అంటే తప్పు కాదేటి?"

"మీ పిన్నికి మాత్రం అన్ని సమజైనయా ఏంది? సమజ్ గాకున్నా ఊఁ అనొచ్చు. నిద్రవోతే అనరాదు, గంతే."

అలా నేను ఊఁ కొట్టేదాన్నయ్యాను. ముందు నా చేత ఏదో ఒకటి తినిపించి గానీ షురూ చేసేవాడు కాదు. ఆకలి మీద అనేది ఊఁ కాదట, మూలుగట. ఆయన కోయలో చెప్పేవాడు, ఆగేవాడు, నా వైపు చూసేవాడు, నేను ఊఁ అనేదాన్ని. "నీది శీకాకులం ఊఁ, రైలు కూత లెక్క సాగుతది," అని ఏడిపించేవాడు. మలుపు అయిపోయాక తెలుగులో సంగతి చెప్పేవాడు. ఆ మధ్యాహ్నాలు నా జీవితంలో మంచివి. ఆ మాట ఆయన ఉండగా అనలేదు.

మేము యాప్రాల్‌లో ఇల్లు కొనుక్కుని మారిపోయేముందు బాబాయ్‌కి ఆదుర్దా మొదలైంది. కథ ఎవరికైనా అప్పజెప్పాలి. ఇంట్లో నేర్చుకుంటానన్నది మనవరాలు ఒక్కతే. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో పెరిగిన పిల్ల, కోయ వింటే అర్థమవుతుంది, మాట్లాడటం అంతంతమాత్రం. దానికి సెలవు దొరికినప్పుడు ఈయనకి ఒంట్లో బాగుండదు, ఈయనకి బాగున్నప్పుడు దానికి పరీక్షలు. "రికార్డు చేసేద్దాం బాబాయ్. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటూ నేర్చుకుంటుంది," అన్నాను. అదే నాకు తెలిసిన విద్య. ఆయన అంతగా ఇష్టపడలేదు గానీ నా మీద నమ్మకంతో సరే అన్నాడు.

పద్నాలుగు ఆదివారాలు, పద్నాలుగు మలుపులు. నేను ఎదురుగా కూర్చుని ఊఁ అంటూనే ఉన్నాను, మైకు అదంతా వింటూనే ఉంది. ఆ తర్వాత నేను చేసిన పని మనసుపెట్టి చేశాను. అదే ఎక్కువ బాధ. ఏదో పరాకున చేసి ఉంటే సర్దిచెప్పుకునేదాన్ని. రెండు నెలలు కూర్చుని ఆ రికార్డింగుని శుభ్రం చేశాను. ఫ్యాన్ చప్పుడు తీశాను, దూరంగా వెళ్ళే గూడ్సు బండి చప్పుడు తీశాను. సాగిపోయే నా గొంతు నాకే చిరాకు. ఆయన గంభీరమైన గొంతు మధ్యలో అది పానకంలో పుడకలా అనిపించింది. ఒక్కొక్క ఊఁ నీ వెతికి వెతికి కోసేశాను. ఊఁ పోయాక మిగిలిన ఖాళీలు బావుండవని వాటినీ దగ్గరికి జరిపేశాను. పని పూర్తయ్యాక మూలప్రతులు చెరిపేయడం మా స్టూడియో పద్ధతి. ఆ అలవాటులోనే వాటినీ చెరిపేశాను.

పెన్‌డ్రైవ్ పట్టుకుని మౌలాలి వెళ్ళినప్పుడు నాకు ఎంత గర్వమో. స్పీకర్లో పెట్టి వినిపించాను. బాబాయ్ తువ్వాలు పరుచుకుని, వేలు పైన పెట్టి కూర్చున్నాడు. కథ మొదలైంది. వేలు కదల్లేదు. కాసేపటికి ఆయన స్పీకర్ వైపు చూసి, నా వైపు చూసి, "ఎవలికి చెప్తున్న బిడ్డా నేను?" అన్నాడు.

"నాకే కదా బాబాయ్."

"నువ్వెక్కడున్నవ్ ఇందుల?"

అప్పటికీ నాకు అర్థం కాలేదు. క్వాలిటీ గురించి ఏదో చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఊరికి తీసుకువెళ్ళి పెద్దలకి వినిపించాడు. వాళ్ళు ఒక్క మలుపు కూడా పూర్తిగా వినలేదట. ఊపిరి తీసుకోకుండా పరుగెత్తుతున్న మాట అది. ఏ మాటకి ఏ బొమ్మో తెలియదు, పోయినవాళ్ళ పేర్లన్నీ ఎవరి అనుమతీ లేకుండా గబగబా వచ్చేస్తున్నాయి. ఒక పెద్దాయన చెవులు మూసుకుని బయటికి వెళ్ళిపోయాడట. మనవరాలికీ అదే చిక్కు. మాటలున్నాయి, ఎక్కడ ఆగాలో లేదు. అర్థాన్ని బట్టి ఆపుదామా అంటే, ఆ కథ ఒక్కోసారి మాట మధ్యలో ఆగుతుంది. అది చెప్పేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఊరి నుంచి వచ్చి బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "పరేషాన్ గాకు. మల్ల చెప్త. నువ్వు మల్ల ఊఁ అను. ఈసారి కొయ్యకు," అని నవ్వాడు. బోనాలయ్యాక అనుకున్నాం. స్టూడియోలో పని ఎక్కువగా ఉందని వాయిదా వేశాను. దసరాకన్నాం. మా ఇంటికి చుట్టాలొచ్చారు. రెండోసారి వాయిదా వేసినప్పుడు ఆయన, "నీ తీరిక చూసుకోనే రా బిడ్డా," అన్నాడు. అది నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట.

దీపావళి ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, "బాబాయ్, నేనే," అన్నాను. ఆయన పెదవులు చాలాసేపు దేనికోసమో తడుముకున్నాయి. చివరికి, "ఊఁ," అన్నాడు. ఇంకేమీ రాలేదు. డాక్టరు ఇంకేమీ రాదన్నాడు. కథలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. నేను వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. పక్కన ఎవరో ఆవిడ నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టి వెళ్ళింది.

ఆ తర్వాత చేసినదంతా మనవరాలి తెలివే. కాలేజీకి సెలవు పెట్టి మౌలాలి ఇంట్లో దిగింది. ఒకరోజు నన్ను పిలిచి, "అత్తా, తాతకు ఇన్పిద్దాం. ఏడ ఆగాల్నో ఆయననే చెప్తడు," అంది. స్పీకర్ పెట్టాం. ఆయన ఒళ్ళో తువ్వాలు పరిచి ఎడమచేతి వేలు పైన పెట్టాం. ఆయన గొంతే ఆపకుండా చెప్పుకుపోతోంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి, "ఊఁ," అన్నాడు. వేలు కిందికి జరిగింది. పిల్ల గబుక్కున కథ ఆపి నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకుంది. నేను కోసేసినవి ఆయన ఒక్కొక్కటే తిరిగి పెడుతున్నాడు.

ఒక మలుపుకి వారం పట్టేది. అలిసిపోయేవాడు, నిద్రపోయేవాడు. పేర్ల దగ్గర ఆయన ఊఁ అనబోయేలోపే రికార్డింగులో పేరు వచ్చేసేది. అప్పుడు చెయ్యెత్తి గట్టిగా ఊపేవాడు, కంట్లోంచి నీళ్ళు కారేవి. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టేవాళ్ళం. నేను వారానికి రెండు రోజులు వెళ్ళేదాన్ని. నా పని స్పీకర్ ఆపడం, పెట్టడం. ఆయన నన్నెప్పుడూ కోపంగా చూడలేదు. ఒకరోజు మాత్రం నా మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, నా కణత మీద వేలితో రెండుసార్లు తట్టాడు, పట్టాలని తట్టినట్టు. ఎక్కడ వదులుందో చూశాడేమో.

తొమ్మిదో మలుపు పూర్తయిన సాయంత్రం నేనక్కడే ఉన్నాను. ఆఖరి ఊఁ కాస్త బలంగా అన్నాడు. పిల్ల పదో మలుపు పెట్టబోతే ఎడమచెయ్యి స్పీకర్ మీద బోర్లా పెట్టాడు, ఇవాళ్టికి చాలన్నట్టు. ఆ తర్వాత మూడు రోజులు ఓపిక లేక పడుకున్నాడు. నాలుగో రోజు పొద్దున్న ఫోన్ వచ్చింది.

దినానికి మేము బాబాయ్ వాళ్ళ ఊరు వెళ్ళాం. అక్కడి ఆచారం ప్రకారం, కథ చెప్పే మనిషి పోతే, ఆ రోజు కథ మొత్తం చెప్పి, పద్నాలుగో మలుపులో, ఇంకా రానివాళ్ళ ముందు, కొత్తగా పోయిన మనిషి పేరు చేర్చాలి. అలా చేరిస్తేనే ఆయన తన పెద్దల్లో కలిసినట్టు. మనవరాలు పడిగె పక్కన నిలబడింది. ఎవరో డోలు పట్టుకున్నారు. పిల్ల కథ మొదలుపెట్టింది. ఆగాల్సిన చోటల్లా ఆగింది. నలభై యాభై మంది ఒక్కసారిగా ఊఁ అన్నారు. చెవులు మూసుకుని వెళ్ళిపోయిన పెద్దాయన కూడా అన్నాడు. నేను వెనక వరసలో కూర్చుని నోరు మూసుకున్నాను.

తొమ్మిదో మలుపు అయ్యాక పిల్ల వేలు తీసేసింది. "ఇక్కడిదాంక మా తాత ఊఁ కొట్టిండు. దీని తర్వాతది నాకు రాదు," అంది. ఆ పెద్దాయన వైపు తిరిగి, "పేరొక్కటన్న చెప్పనా?" అని అడిగింది.

"నడుమ అయిదు మలుపులు దుంకి పేరు కాడికి పోతే, ఆయనను తొవ్వల ఇడిసిపెట్టినట్టు గాదా బిడ్డా?" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. "ఉండనీ. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు ఎవరు చెబుతారో ఆయనకీ తెలియదు. పడిగె చుట్టేశారు. డోలు దించి గోడకి ఆనించారు. జనం లేచి విస్తళ్ళ వైపు నడిచారు. పిల్ల చెప్పుల కోసం వెతుక్కుంటూ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఒక్క మనిషి మాత్రం లేవలేదు. బాబాయ్ అక్క. ఆ రోజే నేనావిడని మొదటిసారి చూశాను. చూపు పోయింది, వినికిడి కూడా సరిగ్గా లేదు. కథ సాగినంతసేపూ అందరూ అన్నాక ఒక క్షణం ఆలస్యంగా ఊఁ అంటూ వచ్చింది. కథ ఆగిపోయిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తమ్ముడి పేరు వస్తోంది కాబోలనుకుంది. గడ్డం కాస్త పైకెత్తి, పిల్ల నిలబడ్డ వైపు మొహం పెట్టి, "ఊఁ," అంది. కాసేపు ఆగింది. చీర సర్దుకుని ఇంకాస్త ముందుకి జరిగి, ఇంకొంచెం గట్టిగా మళ్ళీ అంది, "ఊఁ."